శుక్రవారం క్లాసు

లిబియా ఎందుకు పోయారు సార్, వేరే దేశమే దొరకలేదా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. దొరకలేదు. దొరికితే పోయేవాణ్ణా? మస్కట్‌లో నా కొలువు పోయిన ఏడాది ఎవరికీ ఏదీ దొరకలేదు. ప్రపంచంలో బ్యాంకులు కూలుతున్నాయని టీవీలో చెబుతుంటే, మనకేం బ్యాంకులున్నాయి కూలడానికి అని నవ్వినవాణ్ణి నేనే. కొన్నాళ్ళకు సైట్లలో క్రేన్లు ఆగిపోయాయి. కంపెనీలు తమ గుమాస్తాలను, సూపర్‌వైజర్లను ఇంగ్లీషు నేర్చుకోమని పంపడం మానేశాయి. ఘుబ్రాలో నేను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో ముందు సాయంత్రం బ్యాచ్ పోయింది, తర్వాత పొద్దుటి బ్యాచ్ పోయింది, ఆ తర్వాత బోర్డే దింపేశారు. ఓనరు మర్యాదస్తుడు. కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసి, ఖర్జూరం చేతిలో పెట్టి, వేసవి అయ్యేలోపు నా వీసా క్యాన్సిల్ చేయాల్సి వస్తుందని మెల్లగా చెప్పాడు. గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

ఇంటికి అంటే దార్సైట్‌లో ఫ్లాటుకు. అసలు ఇంటికి, అంటే జగిత్యాల వైపు మా ఊరికి పోవడమనే మాట నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు. నేను మస్కట్ వచ్చేటప్పుడు అక్కడి ప్రైవేటు కాలేజీలో గొడవపడి వచ్చాను. నీ కాలేజీ గడప మళ్ళీ తొక్కితే ఒట్టు అని ప్రిన్సిపాల్ మొహం మీదే అనేసి, తలుపు ధడాలున వేసి మరీ వచ్చాను. ఇప్పుడు నా సీట్లో నా దగ్గర చదువుకున్న కుర్రాడు కూర్చున్నాడు. నలభై దాటినవాణ్ణి, వాడి ముందు నిలబడి ఏదైనా క్లాసు ఇప్పించు నాయనా అని అడగాలా? ఏ మొహం పెట్టుకుని పోతాను? రాత్రీ పగలూ అదే ఆలోచన. భయం వేసింది నాకు. మాస్టారికి భయమేమిటని అనుకుంటారేమో, మాస్టర్లకే ఎక్కువ భయం, పాఠం తప్ప ఇంకో పని చేతకాదు కదా.

నా భార్యది గోదావరి వైపు. ఇంగ్లీషులో ఎమ్మే చేసింది గానీ ఉద్యోగం చెయ్యలేదు. పిల్లలు లేరు మాకు. నా వీసా మీదే ఆమె వీసా, నాది పోతే ఆమెదీ పోతుంది. మస్కట్‌లో ఆమెకున్న ఒకే ఒక్క వ్యాపకం శుక్రవారం క్లాసు. ఖురుమ్ వైపు విల్లాల్లో, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు, కడప వాళ్ళు, గోదావరి వాళ్ళు, సెలవు దొరికినవాళ్ళు దొరికినట్టు శుక్రవారం మధ్యాహ్నం మా ఫ్లాటుకు వచ్చేవాళ్ళు. మా ఆవిడ చాప పరిచి వాళ్ళకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పేది. అది క్లాసేమిటి, కాలక్షేపం అనేవాణ్ణి. వాళ్ళొచ్చే వేళకు నేను చొక్కా తగిలించుకుని మత్రా కార్నీష్‌కు పోయి సముద్రం ముందు కూర్చునేవాణ్ణి. గుమ్మం ముందు విడిచిన చెప్పులు దాటుకుని పోవడమే నాకు తెలిసిన శుక్రవారం క్లాసు. లోపలేం జరిగేదో ఒక్కసారి కూడా చూడలేదు.

అలాంటి రోజుల్లో రూవీలోని ఒక ఏజెంటు, మలయాళీ ఆయన, ఫోన్ చేశాడు. లిబియాలో ఎడారి అంచున ఒక కాలేజీ ఉందట. మగపిల్లలకు ఒక సెక్షన్, ఆడపిల్లలకు ఒక సెక్షన్. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంగ్లీషు టీచర్లయితే ఇష్టపడతారు, క్వార్టర్ ఇస్తారు. మీ మేడం కూడా టీచరేనా అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అవును, చాలా అనుభవం ఉంది అన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఆమె వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"నాకెక్కడి అనుభవమండీ?" అంది.

నేనిస్తాను అన్నాను. ఆ మాట అప్పుడు నాకు గొప్పగా అనిపించింది.

మనవాళ్ళు ఇంటర్వ్యూకు ఎలా తయారవుతారో మీకు తెలుసు. పరీక్షకు తయారైనట్టే. ఏ ప్రశ్నలు వస్తాయో ఊహించడం, ప్రతిదానికీ ఒక మోడల్ ఆన్సర్ రాయడం, దాన్ని బట్టీ పట్టడం. నా స్టూడెంట్ల చేత అలా చేయించే నేను జిల్లాలో పేరు తెచ్చుకున్నాను. ఇద్దరికీ కలిపి ఒకే జవాబులు రాశాను. ఆడవాళ్ళను ఆడవాళ్ళ సెక్షన్ వాళ్ళు, మగవాళ్ళను మగవాళ్ళు విడివిడిగా అడుగుతారని ఏజెంటు చెప్పాడు కాబట్టి ఒకే జవాబుకు వచ్చిన నష్టమేమీ లేదు అనుకున్నాను. టీచర్ ఎందుకు అవ్వాలనుకున్నారు, మొద్దు పిల్లాడికి ఎలా చెబుతారు, అన్నీ రాశాను. ఒక ప్రశ్నకు మాత్రం మోడల్ ఆన్సర్ అక్కర్లేదు నాకు. మీ మొదటి క్లాసు గురించి చెప్పండి అంటే నా దగ్గర అసలైన కథే ఉంది.

ఆ కథ నాకు ప్రాణం. జగిత్యాల దగ్గర పల్లెటూరి బడిలో, రేకుల షెడ్డులో నా మొదటి క్లాసు. నేను నోరు తెరవగానే వాన మొదలైంది. రేకుల మీద ఆ మోతకు నా గొంతు నాకే వినపడలేదు. పిల్లలు చెవులకు చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అప్పుడు నేను నోరు మూసుకుని, బోర్డు మీద ఒక్కో మాట రాసి, దాన్ని చేతుల్తో, ఒంటితో చేసి చూపించాను. గొడుగు, గాలి, పరుగు, జారిపడడం. వాన వెలిసేసరికి వాళ్ళకు పాఠమంతా వచ్చేసింది. ఈ కథ నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, ఘుబ్రాలో ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్పాను. నేను కొంచెం ఘనమైనవాణ్ణే అని నాకు నమ్మకం కలిగించేది అదొక్కటే. మా ఆవిడకు నోటికొచ్చు. నీకేదీ తోచకపోతే ఇది చెప్పెయ్యి అన్నాను ఆమెతో. నా కథ నేనే ఇచ్చాను, ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఇంట్లో తెలుగు బంద్ చేశాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంగ్లీషే. నాలుక తిరగాలంటే వేరే మార్గం లేదని నా సిద్ధాంతం. మొదట్లో వేళాకోళంగానే ఉండేది. ఆమె పప్పులో ఉప్పు ఎక్కువైందని దొరసానిలా చెప్పేది, నేను దొరలా తినేవాణ్ణి. కానీ ఒక చిక్కు వచ్చింది. నన్ను పిలవడానికి ఆమెకు మాట లేకుండా పోయింది. 'ఏవండీ' అనేదాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? పేరు పెట్టి పిలవదు. అందుకని నేను తల తిప్పి చూసేదాకా నా ఎదురుగా వచ్చి నిలబడేది, లేదంటే గిన్నె మీద గరిటెతో టకటకమని కొట్టేది. వారం తిరిగేసరికి ఆ టకటక కూడా తగ్గింది. అవసరమైతేనే మాట, ఆ మాట కూడా పుస్తకంలోంచి తీసి పెట్టినట్టుండేది.

సామాన్లు ఒక్కొక్కటీ అమ్మేస్తున్నాం. అవతల ఏమవుతుందో తేలకుండానే అమ్మడమేమిటని ఆమె కళ్ళతో అడిగింది. అవతల కాకపోతే ఇవతల ఉండగలమా అని నాకు ఒళ్ళు మండింది. ఫ్రిజ్‌ను అల్ మవాలేలో ఉండే కుర్రాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. జూన్ ఎండలు. కిటికీ బయట గోధుమరంగు కొండలు వేడికి మసకమసకగా కనిపిస్తున్నాయి. ఆ మధ్యాహ్నం కొళాయి నీళ్ళు కూడా పొగలు కక్కుతున్నాయి. ఫ్రిజ్ ఉన్న చోట గోడ తెల్లగా మిగిలింది. ఆమె ఆ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చాలాసేపు చేతులు చూసుకుని, తెలుగులో, నా వైపు చూడకుండా అంది.

"ఏవండీ, ఇంటికెళ్ళిపోదామండీ."

"ఇంగ్లీషుల చెప్పు," అన్నాను నేను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. ప్రాక్టీసు పాడవుతోందని నాకు చిరాకు.

ఇంటర్వ్యూ గురువారం పొద్దున. మస్కట్‌లో వారాంతం అప్పట్లో గురువారం, శుక్రవారం. ఇంటర్నెట్‌లో ఫోన్లు ఒమన్‌లో పనిచేయవు కాబట్టి మామూలు ఫోన్‌కే వాళ్ళు చేస్తామన్నారు. టేబుల్ కూడా అమ్మేశాం. అట్టపెట్టె బోర్లించి, దాని మీద ఫోన్ పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, చెరోవైపు చాప మీద కూర్చున్నాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఆమె కంచిపట్టు చీర కట్టుకుంది. ఫోన్‌లో ఎవరు చూస్తారంటే ఏం చెప్పను, ధైర్యం కోసం.

ఫోన్ మోగింది. అవతల ఒక పెద్దాయన. గొంతు మెత్తగా ఉంది, ఇంగ్లీషు బాగుంది. తానే డిపార్ట్‌మెంట్ హెడ్‌నని, ఇద్దరినీ తానే అడుగుతానని, ముందు మేడం అని చెప్పాడు.

ఇద్దరినీ తానేనా? చేత్తో సైగ చేశాను, వద్దు, నా జవాబులు చెప్పకు అని. ఆమెకు అర్థం కాలేదు. ధైర్యంగా ఉండమంటున్నానని అనుకుంది పాపం, తల ఊపింది. మొదటి జవాబు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. రెండోదీ అప్పజెప్పింది. నా వాక్యాలు ఒక్కొక్కటీ ఆమె నోట్లోంచి వచ్చి నా చేతికందకుండా పోతున్నాయి. అప్పుడాయన మీ మొదటి క్లాసు గురించి చెప్పండి మేడం అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో ఎంత బెంగ ఉందంటే, నేను మళ్ళీ సైగ చేయలేకపోయాను. రేకుల షెడ్డు మొదలుపెట్టింది. వాన కురిసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. నాకంటే బాగా చెప్పింది, అదొక మంట. మధ్యలో కప్ప ఒకటి తరగతిలోకి గెంతిందని కూడా చెప్పింది. నా క్లాసులో కప్ప ఎక్కడిది? నా కథలో కప్పను దూర్చడానికి నువ్వెవరు అని అరవాలనిపించింది. ఆయన ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. థాంక్యూ అన్నాడు. తర్వాత నన్ను అదే ప్రశ్న అడిగాడు. అదే వరసన, అదే మెత్తని గొంతుతో.

ఇంకో క్లాసు గురించి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. అన్నేళ్ళుగా చెప్పిన క్లాసుల్లో ఒక్కటి కూడా ఆ నిమిషాన గుర్తు రాలేదు. అన్నిట్లోనూ మోడల్ ఆన్సర్లే చెప్పాను మరి. హలో, హలో అంటున్నాడాయన. ఇది కూడా పోతే మేం ఎక్కడికి పోవాలి? అమ్మేసిన మంచం, ప్రిన్సిపాల్ మొహం, ఓనరు పెట్టిన ఖర్జూరం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చివరికి ఏం కనిపించిందంటే, శుక్రవారం మా గుమ్మం ముందు చెప్పులు. నేను దాటుకుని పోయే ఆ చెప్పులు.

మా ఇంటి గుమ్మం ముందు చెప్పులుంటాయండీ అని మొదలుపెట్టాను. ఇళ్ళల్లో పనిచేసే మా వైపు ఆడవాళ్ళు వస్తారు, వాళ్ళకు నేను శుక్రవారం పాఠం చెబుతాను, నాకు అదే మొదటి క్లాసు, అంతకుముందు చెప్పినవేవీ క్లాసులు కావు అన్నాను. ఎక్కడిదో ఆ వాక్యం, దానంతట అదే వచ్చింది. ఎదురుగా మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆయనకు ఆసక్తి కలిగింది. వాళ్ళకు మీరు నేర్పిన మొదటి వాక్యం ఏమిటి అని అడిగాడు.

నాకేం తెలుసు? నేను కార్నీష్‌లో కూర్చున్నాను కదా. నా పేరు ఫలానా అని చెప్పబోయాను, ఏ పుస్తకంలోనైనా మొదటిది అదే. ఆమె తల గట్టిగా అడ్డంగా ఊపింది. పట్టుచీరతో లేచి నిలబడింది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. నడుం పట్టుకుని వంగింది. చీపురుతో ఊడుస్తున్నట్టు రెండడుగులు వేసి, ఆగి, రెండు చేతులూ జోడించి ఎవరికో ఏదో చెప్పుకుంటున్నట్టు నిలబడింది. చప్పుడు చేయకుండా పెదవులు మాత్రం కదిపింది.

"ఐ యామ్ నాట్ వెల్ టుడే," అన్నాను ఫోన్‌లోకి. ఈ రోజు నాకు ఒంట్లో బాగోలేదు.

ఆయన ముందుగా అదే ఎందుకు నేర్పారు అన్నాడు. ఆమె వైపు చూశాను. అప్పటికే ఆమె మళ్ళీ చాప మీద కూలబడింది. వాళ్ళను ఎవరూ అడగరు కాబట్టి వాళ్ళే చెప్పుకోవాలి అన్నాను. నాకు తోచింది అన్నాను. థాంక్యూ ప్రొఫెసర్ అని పెట్టేశాడు. నన్ను ప్రొఫెసర్ అన్నది జీవితంలో ఆయనొక్కడే.

కబురు ఏజెంటు దగ్గర్నుంచి వచ్చింది. సార్, మీరు సెలెక్టయ్యారు అన్నాడు. మీ క్లాసు ఆయనకు చాలా నచ్చిందట, అందరికీ చెబుతున్నాడట. మేడం సంగతేమిటి అన్నాను. వాడు నసిగాడు. మేడం చెప్పింది ఏదో పుస్తకంలో చదివినట్టుంది, నిజంగా క్లాసులో నిలబడిన మనిషిలా అనిపించలేదని ఆయన అన్నాడట. అయినా ఫర్వాలేదు సార్, భార్యగా మీతో రావొచ్చు, క్వార్టర్ ఎలాగూ ఇస్తారు అన్నాడు.

నేను ఏజెంటును తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రేకుల షెడ్డు పుస్తకమా? ఆ వానకు తడిసింది నేను! తర్వాత వేరే మంట మొదలైంది, అది ఏజెంటు మీద కాదు. నిజంగా క్లాసులో నిలబడిన మనిషి బియ్యం కడుగుతోంది. విషయం చెప్పాను. ఆమె ముందు నవ్వింది. కప్పను పెట్టకుండా ఉండాల్సింది అంది. తర్వాత బియ్యం కడుగుతూనే ఉంది, నీళ్ళు తేటగా అయిపోయినా.

ఆయనకు ఫోన్ చేసి నిజం చెప్పేస్తానన్నాను. ఆమె తెలుగులోనే జవాబిచ్చింది, నేనూ అడ్డు చెప్పలేదు.

"చెబితే ఇద్దరికీ పోతుంది. చెప్పకండి."

మరి ఇలా ఎలా అన్నాను. కడుగునీళ్ళు పారబోసి, చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"క్లాసు నేనే చెబుతానన్నారు కదా ఆయనతో. ఒక్క శుక్రవారమైనా చెప్పండి. అప్పుడది అబద్ధం కాదు."

లిబియా వీసాలు వచ్చాయి, ఆదివారం ప్రయాణం. అంతకుముందు వచ్చిన శుక్రవారం నేను కార్నీష్‌కు పోలేదు. మధ్యాహ్నం ఒక్కొక్కరే వచ్చారు, గుమ్మంలో చెప్పులు విడిచి, ఖాళీ ఇంటిని చూసి గట్టిగా మాట్లాడటానికి జంకుతూ చాప మీద కూర్చున్నారు. ఇన్‌స్టిట్యూట్ మూసినప్పుడు నేను తెచ్చుకున్న చిన్న తెల్లబోర్డును సూట్‌కేసుకు ఆనించి పెట్టాం. ఈ రోజు సార్ చెబుతారు అని మా ఆవిడ వాళ్ళతో చెప్పి, తాను వెనక వరసలో, వంటింటి గుమ్మం పక్కన, వాళ్ళలో ఒకతెగా కూర్చుంది.

నాకొచ్చిందే మొదలుపెట్టాను. క్రియ అంటే ఏమిటి, కాలాలెన్ని. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకామె ఆవలింత కొంగులో దాచుకుంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. వాన అయినా రాలేదు నన్ను కాపాడటానికి. చివరికి మార్కర్ కింద పెట్టి, మీకేం కావాలమ్మా, ఏం చెప్పడం నేర్చుకోవాలని ఉంది అని అడిగాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు.

ముందు వరసలో కడప ఆమె ఉంది, అందరికంటే పెద్దది. సెలవు మీద ఇంటికి పంపమంటే వాళ్ళ మేడం ఇదిగో అదిగో అని జరుపుతోందని మా ఆవిడ అంతకుముందు చెప్పింది. ఆమె ఇటూ అటూ చూసి అడిగింది.

"ఇంటికి పోవల్ల అని యెట్ల చెప్పల్ల సార్?"

బోర్డు మీద రాశాను. ఐ వాంట్ టు గో హోమ్. ఒక్కో మాట వేలితో చూపించి పలికాను. వాళ్ళందరూ కలిసి పలికారు. మళ్ళీ పలికించాను. మూడోసారికి గొంతులు లేచాయి, ఖాళీ గదిలో గోడలు పలికినట్టుంది. తర్వాత నా పద్ధతి ప్రకారం ఒక్కొక్కరినీ లేపి విడిగా చెప్పించాను. కడప ఆమె చెప్పింది. ఆ పక్కామె చెప్పింది. ఒకామె హోమ్ దగ్గర ఆగి కళ్ళొత్తుకుంది, కూర్చోబెట్టాను. వరస వెనక్కి పోయింది.

మా ఆవిడ లేచి నిలబడింది. స్టూడెంటులాగే చేతులు కట్టుకుంది. బోర్డు వైపు కాదు, నా వైపు చూసింది. తప్పు లేకుండా, తడబడకుండా, మెల్లగా చెప్పింది.

"ఐ వాంట్ టు గో హోమ్."

"వెరీ గుడ్," అన్నాను. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి. ఆమె కూర్చుంది. పక్కనున్న ఆమె లేచి నిలబడింది.